రోలుకు పర్యాయపదాలు: సన్నెకల్లు, కల్వం, తిరగలి అన్నీ ఒకటేనా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

పాపకు బళ్ళో ‘రోలు’ అనే మాటకు అర్థం, పర్యాయపదాలు, సొంతవాక్యం రాసుకురమ్మన్నారు. గైడులో చూస్తే ఉలూఖలం, సన్నెకల్లు, కల్వం, తిరగలి, రుబ్బురోలు అని వరసబెట్టి రాసి ఉంది. ఇవన్నీ ఒకటేనంటే నాకు మనసొప్పడం లేదు. తిరగలిలో పచ్చడి నూరరు కదా, రోట్లో పిండి విసరరు కదా. ఏది రోలుకు నిజమైన పర్యాయపదం, ఏది కాదు?

రెండో సందేహం: రోటిపచ్చడి అంటే రొట్టెల్లోకి నంజుకునే పచ్చడి అని పిల్లలు అనుకుంటున్నారు. రోలు అన్నప్పుడు లేని ‘టి’ రోటి అన్నప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మూడోది, ఇంట్లోకి పచ్చడికి సరిపడా చిన్న రోలు ఒకటి కొనాలి. బేతంచెర్ల దగ్గరే కాబట్టి నాపరాయి రోలు చవగ్గా దొరుకుతుందంటున్నారు. తీసుకోవచ్చా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

చిత్రావతి_గాలి (అనంతపురం):

మీ అనుమానం సరైందే అక్కా. ఆ గైడు రాసినవాళ్ళు వంటింట్లో ఉండే రాళ్ళన్నిట్నీ ఒకే గంపలో వేశారు. ఈ పేర్లన్నీ చేసే పనిని బట్టి వచ్చినవి. చెయ్యి ఎటు కదులుతుందో చూస్తే ఏ రాయి ఏదో తెలిసిపోతుంది.

దంచడమంటే పైనుంచి కిందికి పోటు వెయ్యడం. దీనికి కావలసింది లోతైన గుంట ఉన్న రోలు, పొడుగాటి రోకలి. ఒడ్లు, కొర్రలు, పసుపుకొమ్ములు, మిరపకాయలు దంచేది ఇందులోనే. నూరడమంటే రాయిని రాయికి ఆనించి రాపిడి పెట్టడం. దీనికి పలకలాంటి సన్నెకల్లు, దాని మీద ముందుకూ వెనక్కూ తోసే పొత్రం. రుబ్బడమంటే నానిన పప్పునో బియ్యాన్నో నీళ్ళు చిలకరిస్తూ గుండ్రంగా తిప్పడం. దీనికి వెడల్పు నోరున్న రుబ్బురోలు, గుంటలో ఇమిడిపోయే బరువైన పొత్రం. మా పక్క దీన్ని గుండు అని కూడా అంటారు. విసరడమంటే ఎండు గింజలను రెండు గుండ్రటి రాళ్ళ మధ్య పోసి పై రాయిని పిడి పట్టుకుని తిప్పడం. అది తిరగలి, వాడుకలో ఇసుర్రాయి. రాగిపిండికి, జొన్నపిండికి, కందిబేడలు పగలగొట్టడానికి ఇదే. ఇక కల్వం మందులు నూరుకునే చిన్న రాతి గిన్నె. చిన్నదైనంత మాత్రాన అది పిల్లరోలు కాదు, దాన్లో పోటు వెయ్యరు, తిప్పి తిప్పి మెత్తగా అరగదీస్తారు.

ఈ తేడా మాటల్లో ఎంత గట్టిగా నిలబడిందో చూడండి. వాన దంచింది అంటాం, ఉపన్యాసం దంచాడు అంటాం. పైనుంచి ఆగకుండా పడే దెబ్బ అది. పళ్ళు నూరుతాడు, కత్తి నూరతాడు, చెవిలో నూరిపోస్తాడు. అంతా రాపిడి. చెప్పిందే చెప్పి రుబ్బుతున్నాడు అంటే ఒకే చోట గుండ్రంగా తిరుగుతున్నాడని. ఒకదాని బదులు ఇంకోటి పెట్టి చూడండి, వాన నూరింది అని ఎవరూ అనరు. క్రియలు ఒకటి కానప్పుడు ఆ పని చేసే వస్తువులు ఎట్లా ఒకటవుతాయి?

కాబట్టి పాప రాయాల్సింది ఉలూఖలం, ఉదూఖలం. ఇవి రోలుకు సరైన పర్యాయపదాలు. రుబ్బురోలు రోలులో ఒక రకం, దాన్ని పర్యాయపదం అనకూడదు. మిగిలినవి వేరే వస్తువులు.

పెన్నేటి_ఇసుక (కడప):

పైన చెప్పినదానికి కొంత కలుపుతాను. సంస్కృతంలో కూడా వీటిని కలపలేదు. యజ్ఞానికి కావలసిన పరికరాలను చెప్పేటప్పుడు ఉలూఖలం, ముసలం ఒక జతగానూ, దృషత్తు, ఉపల ఇంకో జతగానూ చెప్తారు. మొదటి జత రోలూ రోకలీ. రెండో జత సన్నెకల్లూ దాని పొత్రమూ. మొదటిదాంట్లో ధాన్యం దంచి, శూర్పంతో అంటే చేటతో చెరిగి, రెండోదాంట్లో పిండి చేస్తారు. పని వరస ప్రకారం పరికరాల వరస. పెళ్ళిలో పెళ్ళికూతురి చేత సన్నెకల్లు తొక్కిస్తారు కదా, ఆ రాయిలా స్థిరంగా ఉండమని. అది సన్నెకల్లే, అక్కడ రోలు పెట్టరు. పసుపు దంచేటప్పుడు మాత్రం రోలు, రోకలి పెట్టి, వాటికి పసుపు రాసి, మామిడాకులు కట్టి దంచుతారు. ఒకే పెళ్ళిలో రెండు రాళ్ళకు రెండు పనులు. తిరగలికి సంస్కృతంలో ఘరట్టం అని వేరే మాట ఉంది. కల్వం అనే మాట ఖల్వం నుంచి వచ్చింది.

అమరకోశంలో వైశ్యవర్గంలో రోలుకు ఉదూఖలం, ఉలూఖలం అనీ, రోకలికి ముసలం, అయోగ్రం అనీ ఉంది. ఈ అయోగ్రం అనే మాట మీద ఒక్క క్షణం ఆగాలి. అయస్సు అంటే ఇనుము, అగ్రం అంటే కొన. ఇనుప కొన ఉన్నది అయోగ్రం. మన రోకలి చివర తొడిగే ఇనుప కట్టు, పొన్ను, అదే ఇది. పొన్ను లేకపోతే పోటు పడేకొద్దీ కర్ర కొన చీలి పీచులు లేస్తుంది, ఆ పీచులు బియ్యంలో పడతాయి. అంతటి చిన్న వివరం ఆ పేరులోనే ఉంది.

ఇక ‘టి’ సంగతి. తెలుగులో కొన్ని నామవాచకాలకు విభక్తి చేరేముందు చివరి అక్షరం మారుతుంది. ఇల్లు, ఇంటికి. నోరు, నోటిలో. ఏరు, ఏటిలో. వాకిలి, వాకిట్లో. అదే దారిలో రోలు, రోటిలో, వాడుకలో రోట్లో. రోకలికి కూడా అంతే, రోకటి పోటు, రోకటి పాట. వ్యాకరణంలో ఈ ‘టి’ని ఔపవిభక్తికం అంటారు. లు అంటే టి వస్తుందని గుడ్డిగా అనుకోవద్దు. కాలు, వేలు అన్నవాటికి రాదు, కాలికి, వేలికి అంటాం. అందుకని పిల్లలకు రోలును నోరుతో జత చేసి చెప్పండి: నోరు నోటి, రోలు రోటి. గుర్తుండిపోతుంది. రోటిపచ్చడి అంటే రోట్లో నూరిన పచ్చడి. రొట్టె అనే మాటకూ దీనికీ చుట్టరికం లేదు. బహువచనం రోళ్ళు.

ఈ మాట పుట్టుక కూడా ముచ్చటైనదే. తమిళం, మలయాళంలో ఉరల్. కన్నడంలో ఒరళు. తెలుగులో మొదటి అచ్చు లోపలికి జరిగి రోలు అయింది. ఇదే పద్ధతిలో తమిళ ఇరండు మనకు రెండు, ఉళ్ మనకు లో. మడకశిర, హిందూపురం వైపు కన్నడం కలిసిన ఇళ్ళల్లో ఒరళు, ఒనకె, బీసుకల్లు అని వింటే అవి వరసగా రోలు, రోకలి, ఇసుర్రాయి అనుకోండి. చిత్రదుర్గంలో హైదర్ అలీ సైనికులను రోకలితో కొట్టి చంపిన ఒనకె ఓబవ్వ పేరులో ఉన్నది ఈ ఒనకే. కడప, కర్నూలు ఉర్దూ ఇళ్ళల్లో వినిపించే ఓఖ్లీ కూడా ఉలూఖలం నుంచి వచ్చిందే.

హంద్రీ_ఒడ్డు:

చాలా సంతోషం. ఇంకో చిన్న మాట. పేపర్లో ‘పార్టీలో ముసలం’ అని రాస్తారు. ముసలం అంటే రోకలి అన్నారు కదా, పార్టీలో రోకలి ఏంటి? రోకలిబండ అని నేల మీద పాకే పురుగును కూడా అంటారు. పాప ఈ రెండూ అడిగింది.

పెన్నేటి_ఇసుక (కడప):

మహాభారతంలో మౌసలపర్వం అని ఒకటుంది. మునుల శాపం వల్ల యాదవుల ఇంట ఇనుప రోకలి పుడుతుంది. దాన్ని అరగదీసి సముద్రంలో కలిపినా ఆ పొడి తుంగగా మొలిచి, ఆ తుంగతోనే వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని చస్తారు. అందుకే ఇంటివాళ్ళ మధ్యే పుట్టి ఇంటిని కూల్చే తగవును ముసలం అంటారు. బయటివాడితో వచ్చిన గొడవకు ఈ మాట వాడకూడదు. బలరాముడికి ముసలి అనే పేరుంది, రోకలి ఆయుధంగా కలవాడని. వయసు మళ్ళిన ముసలికీ దీనికీ సంబంధం లేదు, పాపకు ఇది తప్పకుండా చెప్పండి, పరీక్షల్లో ఇక్కడే తడబడతారు.

రోకలిబండ అని పురుగును అనడం దాని ఆకారాన్ని బట్టే. గుండ్రంగా, పొడుగ్గా, నున్నగా ఉంటుంది కాబట్టి. వాడుకలో రోకలిని కూడా రోకలిబండ అంటారు, కాబట్టి వాక్యాన్ని బట్టి అర్థం తీసుకోవాల్సిందే.

సామెతల్లో పాపకు సొంతవాక్యానికి పనికొచ్చేది ‘రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల’. ‘రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు’ కూడా మంచిదే: రోలుకు ఒక పక్కే దెబ్బ, మద్దెలకు రెండు పక్కలా దెబ్బలు. ఆ లెక్క తెలిస్తేనే సామెత అర్థమవుతుంది.

నల్లరాతి_పని (అనంతపురం):

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. నాపరాయి రోలు కొనవద్దు. బేతంచెర్ల, తాడిపత్రి, కడప పేర్లతో అమ్మే ఆ నల్లటి, బూడిదరంగు పలకలన్నీ సున్నపురాయి జాతివి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ సున్నపురాయి కోసమే. గచ్చుకు, అరలకు, వంటగట్టుకు బ్రహ్మాండమైన రాయి. రోలుకు పనికిరాకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, పులుపు పడితే సున్నపురాయి కరుగుతుంది. చింతపండు, నిమ్మకాయ, పచ్చిమామిడి వేసి రోజూ నూరితే గుంట గరుకుబారి, రాయి కొంచెం కొంచెంగా పచ్చట్లోకి దిగుతుంది. రెండోది, ఆ రాయి పొరలు పొరలుగా పేరుకున్నది. అందుకే పలకలుగా సులభంగా చీలుతుంది. అదే గుణం రోటికి శాపం. రోకటి పోటు పడితే పొర వెంబడి పెచ్చులు లేస్తుంది.

బలపపురాయి కూడా పచ్చడి రోలుకు వద్దు. వంట చట్టిగా మేలైనదే కానీ గోటితో గీసినా గీత పడేంత మెత్తన. దాన్లో కల్లుప్పు వేసి నూరితే ఉప్పే రాయిని నూరుతుంది.

మీకు కావలసింది గ్రానైటు జాతి నల్లరాయి. అంగట్లో పరీక్ష ఇట్లా చెయ్యండి. రోలు అడుగున, కనబడని చోట, చాకు కొనతో గట్టిగా గీయండి. గ్రానైటు మీద చాకు ఇనుమే రాసుకుని వెండిరంగు గీత పడుతుంది, తుడిస్తే రాయి మీద గాడి ఉండదు. సున్నపురాయి మీద తెల్లటి గాడి పడి పొడి రాలుతుంది. ఆ పొడి మీద రెండు చుక్కలు నిమ్మరసం వెయ్యండి, బుడగలు వస్తే సున్నపురాయి. రాళ్ళ గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో సున్నపురాయి 3 దగ్గర, చాకు ఇనుము సుమారు 5.5, గ్రానైటులోని పలుగురాయి 7. పరీక్ష పనిచేసేది అందుకే.

తర్వాత తడి తెల్లగుడ్డతో గుంట లోపల గట్టిగా తుడవండి. గుడ్డకు నల్లటి జిడ్డు అంటితే రంగో, నూనె కలిపిన మసో పూశారన్నమాట. సన్నటి పగుళ్ళు దాని కింద కనబడవు. పగులు ఉందో లేదో తెలియాలంటే గుంటలో నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగి పారబొయ్యండి. రాయి పైపైన ఆరిపోతుంది, పగులు వెంబడి మాత్రం తడి గీత మిగిలిపోతుంది. రాయిని తట్టి చూసినా తెలుస్తుంది: మంచి రాయి ఖణేలుమంటుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది.

కొలత సంగతి. నలుగురున్న ఇంటికి పైన 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు, గుంట 5 నుంచి 6 అంగుళాల వెడల్పు ఉంటే చాలు. ఆ కొలత గ్రానైటు రోలు 10, 11 కిలోలు తూగుతుంది. అదే కొలతకు 6 కిలోలే ఉందంటే అనుమానించండి, లోపల ఎక్కువ తొలిచి అడుగు పలచన చేసి ఉంటారు. అడుగు మందం కనీసం 2 అంగుళాలు లేకపోతే పోటుకు నిలవదు. గుంట అడుగు కోసుగా కాకుండా చిప్పలాగా గుండ్రంగా ఉండాలి, గుండు మొన ఆ వంపులో అన్ని పక్కలా ఆనాలి. రోలు ఒకచోట, గుండు ఇంకోచోట కొంటే ఇది కుదరదు. గుండు మొన సన్నగా ఉంటే మిరపగింజలు పక్కకు జారుకుంటాయి, ఎంతసేపు నూరినా అట్లాగే మిగులుతాయి.

చిత్రావతి_గాలి (అనంతపురం):

రాయి ఇంటికొచ్చాక చేయాల్సింది నేను చెప్తాను. సబ్బు వాడొద్దు, వాసన రాయిలో నిలిచిపోతుంది. కొబ్బరిపీచుతో నీళ్ళు పోసి తోమి, గుంట నిండా నీళ్ళు పోసి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున పారబోసి బాగా ఆరనిచ్చాక గుప్పెడు పచ్చిబియ్యం వేసి పొడిగానే నూరండి. బూడిదరంగు పిండి వస్తుంది. అది రాతిపొడి, పారెయ్యండి, కోళ్ళకు కూడా వెయ్యొద్దు. మళ్ళీ గుప్పెడు. పిండి తెల్లగా వచ్చేదాకా ఇదే పని. మామూలుగా నాలుగైదు విడతలు పడుతుంది. తర్వాత నానిన బియ్యంలో ఒక చెంచా కల్లుప్పు వేసి తడిగా ఒకసారి నూరండి, పక్కగోడల్లో ఇరుక్కున్న పొడి దీంతో వదులుతుంది. చివరగా నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర నూరి పారేసి కడిగి ఎండబెట్టండి. వేలితో గుంటలో రుద్ది, ఆ వేలిని పళ్ళ మధ్య పెట్టుకుంటే గరగరమనకూడదు. గరగరమంటే ఇంకో విడత.

నూనె పూసి పెట్టమని కొందరు చెప్తారు. నా లెక్కలో అనవసరం. రాయిలోకి ఇంకిన నూనె కొన్నాళ్ళకు మక్కు వాసన కొడుతుంది. శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టడమే అసలు పని. తడి ఉండగానే మూత వేస్తే బూజు పడుతుంది.

నూరేటప్పుడు వరస తప్పితే మంచి రోలు కూడా ఏమీ చెయ్యలేదు. మన శెనక్కాయల పచ్చడి, ఊరిబిండినే తీసుకోండి (కర్నూల్లో మీరు బుడ్డలంటారు). వేయించి పొట్టు తీసిన శెనక్కాయలు 100 గ్రాములకు వేయించిన పచ్చిమిరపకాయలు 8, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు. ముందు మిరపకాయలు, కల్లుప్పు. ఉప్పు పలుకులు గరుకుగా ఉండి మిరప తోలును కోస్తాయి, మెత్తటి ఉప్పుతో ఈ పని జరగదు. తోలు కనబడకుండా నలిగాక, ముందే రెండు చెంచాల నీళ్ళలో తడిపిన చింతపండు, వెల్లుల్లి. శెనక్కాయలు చివర. ముందే వేస్తే వాటి నూనె గుంటంతా పట్టి, మిరపకాయ గుండు కింద నిలవకుండా జారుతుంది. శెనక్కాయలు బరకగా ఉండగానే ఆపి, తరిగిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి నాలుగు పోట్లు, అంతే. ఎర్రగడ్డను నలిపేస్తే నీరు కారి పచ్చడి పలచబడుతుంది, పూటకే వాసన మారుతుంది.

హంద్రీ_ఒడ్డు:

ఇక్కడే ఒక అనుమానం. దంచడం, నూరడం వేరని మొదట చెప్పారు. పచ్చడి రోట్లో నూరుతాం అంటున్నారు, మళ్ళీ నాలుగు పోట్లు అంటున్నారు. మరి నూరేది సన్నెకల్లు మీద అన్నారు కదా?

చిత్రావతి_గాలి (అనంతపురం):

మంచి పాయింటు, నేను అక్కడ మరీ బిగించి చెప్పాను. పచ్చడి రోలు ఈ రెండు పనులకూ కలిపి వాడే రోలు. మొదట దంచుతాం, మిరపకాయ చితుకుతుంది. తర్వాత గుండును గోడకు ఆనించి తిప్పుతాం, అది నూరడం. అందుకే దాని గుంట దంపుడు రోలంత లోతుండదు, సన్నెకల్లంత చదునుగానూ ఉండదు. నూరడం రోట్లోనూ జరుగుతుంది, సన్నెకల్లు మీదా జరుగుతుంది. కానీ సన్నెకల్లు మీద దంచడం మాత్రం కుదరదు, గింజ ఎగిరి బయట పడుతుంది. కొర్రలు, ఒడ్లు దంచే పెద్ద రోటికి కూడా ఈ బాధ ఉంది కాబట్టే నోటి చుట్టూ కుందెన అని ఒక కట్టు పెడతారు, ఎగిరిన గింజ దానికి తగిలి మళ్ళీ గుంటలోకి జారుతుంది.

నల్లరాతి_పని (అనంతపురం):

రోకలి మాట వచ్చింది కాబట్టి ఒకటి. పెద్ద రోలుకు రోకలి కొనేటప్పుడు తుమ్మ, చండ్ర, చింత లాంటి గట్టి కర్రలో చేవ భాగం చూసుకోండి. చేవ ముదురు రంగులో ఉంటుంది, బయటి తెల్లకట్టె త్వరగా పురుగు పడుతుంది. పొన్ను కర్రతో సమంగా ఉండాలి. వదులైతే ఊడి రోట్లో పడి రాయిని పగలగొడుతుంది. వేసవిలో కర్ర ఎండి పొన్ను వదులవడం మామూలే, కొనను ఒక పూట నీళ్ళలో నిలబెడితే కర్ర ఉబ్బి బిగుస్తుంది. గ్రహణం రోజు పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడతారే, అది కూడా పొన్ను అడుగు చదునుగా ఉండబట్టే నిలుస్తుంది. ఏ రోజైనా నిలుస్తుంది.

రోలు కొన్నేళ్ళకు నున్నబడితే పచ్చడి నలగదు, జారుతుంది. అప్పుడు పారెయ్యక్కర్లేదు, కక్కు కొట్టించాలి, అంటే ఉలితో గంట్లు పెట్టించాలి. పచ్చడి రోలుకు గంట్లు బియ్యపుగింజ మందం కన్నా లోతు ఉండకూడదు. లోతైతే వాటిలో మిరప ఇరుక్కుని కడిగినా పోదు, మర్నాటికి పులిసిన వాసన వస్తుంది. తిరగలికి మాత్రం నడిమధ్య నుంచి అంచుకు గాళ్ళు పోవాలి, పిండి ఆ దారినే బయటికి వస్తుంది. కొట్టించిన ప్రతిసారీ పచ్చిబియ్యం నూరి పారబోసే పని మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, కొత్త రోలుకు చేసినట్టే.

హంద్రీ_ఒడ్డు:

పాప రాసింది: రోలు అంటే ధాన్యం దంచడానికీ పచ్చడి నూరడానికీ వాడే గుంట ఉన్న రాయి. పర్యాయపదాలు ఉలూఖలం, ఉదూఖలం. సొంతవాక్యం: అమ్మ రోట్లో ఊరిబిండి నూరింది. గైడులోని మిగతా నాలుగు మాటలూ కొట్టేసి, పక్కన ఏది దేనికి వాడతారో ఒక్కో ముక్క రాసుకుంది. ఆదివారం చాకు, నిమ్మకాయ, తెల్లగుడ్డ సంచిలో వేసుకుని అంగడికి పోతాం.